కొత్తనీళ్ళ రోజున నేనెక్కడున్నాను

దేవుడున్నాడా లేడా అని మీరు ఎన్నిసార్లు వాదించి ఉంటారు? పోనీ, ఈ పూట మీరు తాగిన చెంబెడు నీళ్ళు ఎక్కడివని ఒక్కసారైనా అడిగారా?

మొదటి ప్రశ్నకు మీలో చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఉన్నాడనే వాళ్ళ దగ్గరా ఉంటుంది, లేడనే వాళ్ళ దగ్గరా ఉంటుంది. రెండో ప్రశ్న అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేనూ అలాంటివాణ్ణే. లేడనే పక్షాన నిలబడి, గొంతు చించుకుని, చప్పట్లు కొట్టించుకుని, రెండో ప్రశ్న అడగవలసిన రోజున అడగవలసిన చోట లేకుండా పోయినవాణ్ణి. ఈ రాతలో కోపం కనిపిస్తే అందులో సగం మీ మీద, సగం నా మీద. దేవుడి మీద నాకు కోపం లేదు. లేనివాడి మీద కోపగించుకునేంత తీరిక లేదు.

డెల్టాలో పుట్టనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఎండాకాలం బెజవాడ ఆనకట్ట దగ్గర కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, మరమ్మతులు చేస్తారు. ఆ రోజుల్లో బందరు కాలువా, దాని పిల్లకాలువలూ ఎండిపోయి నెర్రెలిస్తాయి. పడవలు బురదలో ఒరిగి పడుకుంటాయి. ఊళ్ళకు మంచినీళ్ళ చెరువే గతి, అదీ అడుగంటుతుంది. మరి ఎండిన కాలువ ఏమవుతుంది? ఆ సంగతి మనం పైకి మాట్లాడం. పొద్దున్నే చెంబు పట్టుకుని దిగేది అందులోకే. చచ్చిన దూడను ఈడ్చి పడేసేది అందులోకే. రోగం వచ్చి పోయినవాడి చాపా దుప్పటీ విసిరేసేదీ అందులోకే. తర్వాత తొలకరికి ఆనకట్ట దగ్గర తలుపులెత్తుతారు. మొదటి నీరు దారిలో ఉన్నదంతా కడుక్కుంటూ, చెత్తనూ నురగనూ ముందుకు తోసుకుంటూ వస్తుంది. ఆ నీటికి మనం ఆడపడుచు పుట్టింటికి వచ్చినట్టు పసుపు కుంకుమలతో ఎదురు వెళ్తాం. దండం పెట్టి మూడు దోసిళ్ళు తాగుతాం. బిందెలు నింపుకుని ఇంటికి తెచ్చుకుంటాం. తూము తెరిచి ఆ నీళ్ళతోనే మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం. వారం తిరగకుండా ఊళ్ళో వాంతులూ భేదులూ మొదలైతే అమ్మవారికి కోపం వచ్చిందంటాం.

నేను నేతగాళ్ళ ఇంట్లో పుట్టాను. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అక్కకు పదమూడు. అమ్మ చెయ్యవలసినవన్నీ అక్కే చేసింది. అన్నం పెట్టింది, తల దువ్వింది, మగ్గం పని నేర్పింది, నాన్న వద్దంటున్నా నన్ను బడికి పంపింది. నేను పలక మీద దిద్దిన అక్షరాలు చూసి తనూ చదవడం నేర్చుకుంది. ఉయ్యూరు దాటి పిల్లకాలువ గట్టున రెండు కోసులు నడిస్తే వచ్చే ఊరికి ఆమెను ఇచ్చారు. అదీ మగ్గాల వీధే. బావ మంచి పనివాడు, మాటలు తక్కువ. వాళ్ళకు పిల్లలు లేరు.

చదువు కొంత అయ్యాక నాకు బెజవాడలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. అక్కడికి అచ్చుకు వచ్చే సంస్కరణ కరపత్రాలు దిద్దుతూ దిద్దుతూ వాటిని నమ్మడం మొదలుపెట్టాను. సాయంత్రాలు పఠన మందిరంలో జరిగే వాదాలకు వెళ్ళి ముందు వెనక బెంచీలో కూర్చున్నాను, తర్వాత ముందు బెంచీలో కూర్చున్నాను, చివరికి లేచి నిలబడ్డాను. నాస్తికుణ్ణయ్యాను.

ఆ సంగతి అక్కకు చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. సెలవుకు వాళ్ళ ఊరు వెళ్ళాను. అక్క పీట వేసుకుని రాట్నం మీద కండెలు చుడుతోంది. నేను పంచె సర్దుకుని, సభలో నిలబడినట్టే నిలబడి, దేవుడు లేడని తేలిపోయిందని చెప్పాను. ఆమె రాట్నం ఆపలేదు.

"లేకపోతే లేడులేరా. ముందు ఆ కండెలు నీళ్ళలో వెయ్యి, మీ బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు" అంది.

మగ్గం కింద కాళ్ళు దించుకునే గుంటలోంచి బావ నవ్వాడు.

కండెలంటే పేక నూలు, అంటే బట్టకు అడ్డంగా పడే నూలు, చుట్టిన చిన్న గొట్టాలు. నేసేముందు వాటిని తొట్టిలో నీళ్ళు పోసి నానబెడతారు. నూలు తడిగా ఉంటే నేత దగ్గరగా పడుతుంది. నానిన కండెను మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టి, నాడె పక్కన కన్ను అనే సన్నటి చిల్లుకు పెదవులు ఆనించి, పోగు కొసను నోటితో పీల్చి బయటికి లాగుతాడు నేతగాడు. ఒక కండె అయిపోగానే ఇంకొకటి. రోజుకు ఎన్నిసార్లు పీల్చాడో ఎవరూ చూసుకోరు. పదేళ్ళ వయసుకే నేను ఆ పని కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి. తడి నూలు రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోలేదు.

అవి యుద్ధం రోజులు. నూలుకు కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, వంటచెరకు దొరకడమే కష్టం. ఆ వేసవి చివర అక్క దగ్గర్నించి కార్డు వచ్చింది. చీమతలకాయంత అక్షరాలతో కార్డంతా నింపింది. కాలువ ఎగువ ఊళ్ళలో అప్పటికే కలరా తగిలిందట. శానిటరీ ఇన్‌స్పెక్టరు వీధిలోకి వచ్చి, కొత్తనీళ్ళు చెరువులోకి పెట్టగానే తెల్లపొడి కలపాలనీ, ఆపైన నీళ్ళు కాచి తాగాలనీ చెప్పాడట. వీధి పెద్ద ఒప్పుకోలేదు. ఆయన బావకు మేనమామ, అక్కా నేనూ కూడా మావయ్యా అనే పిలిచేవాళ్ళం. ఆయన రెండు మాటలన్నాడట. ఒకటి, గంగమ్మ తల్లిలో మందు కలపడం అపచారం. రెండు, ఆ పొడి బట్టలు తెల్లబరిచే పొడి, చెరువు నీళ్ళతోనే కండెలు తడుపుతాం, రంగు నూలు వెలిసిపోతే ఆ చీరలు ఎవడు కొంటాడు? రెండో మాటకు ఇన్‌స్పెక్టరు మూర్ఖులన్నాడే తప్ప జవాబు చెప్పలేదు. పుస్తకంలో ఏదో రాసుకుని, శుక్రవారం నీళ్ళు ఊరు చేరే వేళకు మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

కార్డు చివర అక్క ఇలా రాసింది. "ఆయన మగ్గం ఎక్కినవాడు కాదు, మావయ్య ఆయన మాట వినడు. నువ్వు మా ఇళ్ళల్లో పుట్టినవాడివి. శుక్రవారం రా. బెజవాడలో రోజూ పారేసుకునే నోరు ఒక్క పూట మా వీధిలో పారేసుకో."

శుక్రవారమే నాకు వాదం ఉంది. ఊళ్ళో పేరున్న శాస్త్రిగారితో, "ఈశ్వరుడు కలడా" అనే విషయం మీద. గోడల మీద కాగితాలు అంటించారు, వాటి ప్రూఫు నేనే దిద్దాను. నా పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అక్కకు జవాబు రాశాను. ఆ జవాబులో ఒక్క ముక్క కూడా నేను మరిచిపోలేదు, మరిచిపోయే వీలు లేకుండా ఆ కార్డు తర్వాత నా కళ్ళబడింది. "అక్కా, మీ వీధి మూఢత్వానికి వేరు దేవుడు. నేను వేరు నరికే పనిలో ఉన్నాను. వేరు తెగితే కొమ్మలు వాటంతట అవే ఎండుతాయి. ఈసారికి ఇన్‌స్పెక్టరు చూసుకుంటాడులే."

ఇరవై నాలుగేళ్ళ వెధవ రాసిన రాత అది. నవ్వకండి. మీలో ఎంతమంది ఇదే మాట ఇంకా మంచి తెలుగులో చెప్పుకుంటూ తిరుగుతున్నారో నాకు తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం పఠన మందిరానికి బయల్దేరాను. దారిలో కాలువ వంతెన దాటాలి. ముందురోజే తలుపులెత్తారు. గట్టున ఆడవాళ్ళు పసుపు కలుపుతున్నారు, దోసిళ్ళతో తాగుతున్నారు, చంటిపిల్లల నోట్లో పోస్తున్నారు. నేను వంతెన మీద ఆగి చూశాను. ఆగి ఏం చేశాననుకున్నారు? దిగి ఒక్క బిందె ఆపానా? జేబులోంచి పెన్సిలు తీసి, వాదంలో పనికొస్తుందని రాసుకున్నాను.

పనికొచ్చింది. శాస్త్రిగారు మర్యాదస్థుడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఈశ్వరుడు కరుణాసముద్రుడని ఆయన అనగానే నేను లేచి, ఆ సముద్రంలోంచే కాబోలు కలరా పుట్టింది అన్నాను. మందిరం దద్దరిల్లింది. వంతెన మీద చూసినదంతా చెప్పాను. జబ్బును సృష్టించి, దాన్ని నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళకు దండం పెట్టించుకునేవాణ్ణి మీరు తండ్రి అంటారా అని అడిగాను. మూడు గంటలు మాట్లాడాను. శాస్త్రిగారు చివరికి చేతులు జోడించి, ఈ అబ్బాయి కోపంలో న్యాయం ఉంది కాని సమాధానం లేదు అన్నాడు. ఓడిపోయినవాడి మాట కదా అని నవ్వుకున్నాం. నాకు దండ వేశారు.

సరిగ్గా ఆ వేళకే అక్క ఊళ్ళో తూము తెరిచారు. ఇన్‌స్పెక్టరు వచ్చి, వీధి పెద్ద అడ్డం పడితే, తెల్లపొడి డబ్బా బండిలోంచి దించకుండానే వెనక్కి తిరిగాడు.

ఎనిమిదో రోజు అచ్చాఫీసు గుమ్మంలోకి సాయిబుగారు వచ్చాడు. ఆయన మా ప్రాంతపు మగ్గాల వీధులకు నూలు వేసే వర్తకుడు, పెద్దవాడు. నన్ను చిన్నప్పటినించీ ఎరుగును. ఎప్పుడూ నవ్వుతూ ఏం నాస్తికం బాబుగారూ అని పలకరించేవాడు. ఆ రోజు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అక్కగారింటికి వెళ్ళండి బాబూ. బావగారు పోయి మూడు రోజులైంది. మీకు రాసే స్థితిలో అక్కడెవరూ లేరని నేనొచ్చాను" అన్నాడు.

ఉయ్యూరు దాకా బొగ్గు బస్సు. ప్రతి ఊరి దగ్గరా ఆగి, దిగి, పొయ్యిలో బొగ్గు కుక్కి, చక్రం తిప్పి, మళ్ళీ కదిలేది. ఆ రోజు ఆ బస్సును తిట్టినట్టు నేను దేవుణ్ణి ఎప్పుడూ తిట్టలేదు. ఉయ్యూరు నించి గట్టున నడిచాను. కాలువ నిండుగా, తేటగా పారుతోంది. చూస్తే ఎవరికైనా తాగాలనిపిస్తుంది.

వీధి మొదట్లోనే మావయ్య అరుగు. ఆయన నన్ను చూసి లేచాడు. ఓదార్పు మాటలు రెండు చెప్పాడు. తర్వాత ఉన్న సంగతి చెప్పాడు. వీధిలో ఇంకో నాలుగిళ్ళలో జబ్బు తగిలింది, ఒక ముసలమ్మ పోయింది, మిగతావాళ్ళు తేరుకుంటున్నారు. తూము దగ్గర మందు ఆపించాక మా అక్క ఊరుకోలేదట. ఇంట్లో విడిగా నీళ్ళు కాచడం మొదలుపెట్టిందట. అన్నానికే పుల్లల్లేని రోజుల్లో అత్తగారు మొత్తుకుంటున్నా, మొగుడికి కాచిన నీళ్ళు తప్ప ఇవ్వలేదట.

"చూశావుగా అబ్బాయ్, పచ్చినీళ్ళు తాగిన నేను నిక్షేపంగా ఉన్నాను. కాచి తాగినవాడు పోయాడు. మీ బెజవాడ సభలో ఈ ముక్క కూడా చెప్పు" అన్నాడు.

మూడు గంటలు ఈశ్వరుణ్ణి చీల్చి చెండాడినవాణ్ణి, తలవంచుకుని ముందుకు నడిచాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. జరిగిందే చెప్పాడు.

ఇంట్లో అక్క గోడవార చాప మీద కూర్చుని ఉంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు చెబుతోంది. గంగమ్మను తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టింది, తల్లికి ఒళ్ళు కాలింది, ఊరుకుంటుందా, దాని పసుపు కుంకుమలే పట్టుకుపోయింది. ఒకసారి చెప్పి ఊరుకోలేదు. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా మొదటినించీ చెబుతోంది. ఆవిడ కొడుకు పోయినావిడ, ఆవిణ్ణి నేనేమీ అనలేను. కాని వింటున్న వాళ్ళలో ఒక్కరైనా అలా అనకమ్మా అన్నారా? తలలూపారు. కలరా మనిషిని చంపితే మనం ఆ చావుకు బాధ్యులెవరా అని వెతుకుతాం. వెతికి వెతికి, ఆ ఇంట్లో జబ్బును ఆపడానికి ఒళ్ళు వంచిన ఒక్క మనిషిని పట్టుకుంటాం. ఇంతకన్నా నీచమైన తీర్పు ఏ న్యాయస్థానమైనా చెప్పగలదా?

అక్క ఏడవడం లేదు. నన్ను చూసి జరిగి కూర్చోమంది. మెల్లగా అడిగింది.

"నేను కాచానురా. తెర్లేదాకా కాచాను. చుక్క పచ్చినీళ్ళు ఆయన గొంతులోకి పోనివ్వలేదు. మరి ఎలా వచ్చింది?"

ఆమెను ఓదార్చడానికి నా దగ్గర దేవుడి చిత్తం లేదు, పూర్వజన్మ లేదు, తలరాత లేదు. వాటిని నేనే పారేసుకున్నాను. అందుకు నేను ఆ రోజూ చింతించలేదు, ఇవాళా చింతించను. కాని వాటి స్థానంలో పెట్టడానికి ఏదైనా ఒకటి ఉండాలి కదా. ప్రశ్న అడిగితే జవాబు ఉండాలి. తెలియదు అన్నాను.

ఏం చెయ్యాలో తోచక మగ్గం దగ్గరికి వెళ్ళాను. సగం నేసిన చీర అలాగే ఉంది. ఎర్రంచు. పక్కన తొట్టిలో కండెలు నీళ్ళ అడుగున ఉన్నాయి. గూట్లో బావ చుట్టల పెట్టె, దాని కింద నా కార్డు. నాడె తీసి చేతిలోకి తీసుకున్నాను. అందులో కండె ఖాళీ అయింది. చేతులకు పాత అలవాటు కదా, తొట్టిలోంచి ఒక కండె తీసి నాడెలో పెట్టి, నాడెను పెదవుల దగ్గరికి ఎత్తాను.

అక్కడ ఆగిపోయాను.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందని ఆలోచించాను. చెప్పకపోతే మా అక్క అమ్మవారి కోపానికి మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిగా ఉండిపోతుంది. చెబితే, ఆ తొట్టి రోజూ నింపిన చేతులు ఆమెవే. రెండిట్లో ఆమెకు ఏది తేలిక అని తూచుకున్నాను. అంతలో గోడ అవతల పక్కింటి మగ్గం టకటకలాడటం వినిపించింది. వెనక్కి వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను.

"అక్కా, తొట్టిలో నీళ్ళు ఎక్కడివి?"

"చెరువువి."

"కాచినవి కావు."

"నూలు తడపడానికి ఎవరైనా కాచి..." అంటూ నా చేతిలో నాడె చూసింది.

ఆమెకు నేను విప్పి చెప్పవలసింది ఏమీ లేకపోయింది. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. రోజూ పొద్దున నేనే నింపాను అంది. నేను అన్నాను, నువ్వు నింపావు, కార్డు రాసిందీ నువ్వే. చెరువులో మందు పడి ఉంటే ఆ తొట్టి ఏమీ చేసేది కాదు. నూలు సంగతి మావయ్యకు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను రాలేదు. చెరువుకు వేసేపాటి పొడికి రంగు వెలవదు, ఆ సంగతి నాకు తెలుసు, అయినా రాలేదు.

"అది తర్వాత మాట్లాడుకుందాంలేరా. ముందు విను, వీధిలో ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయో" అంది.

లేచి నిలబడింది. మూడు రోజుల మైలలో ఉన్న విధవరాలు గడప దాటకూడదు. అత్తగారు గుమ్మానికి చేతులు అడ్డం పెట్టింది. అక్క ఆవిడ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టి వీధిలోకి దిగింది. నేను వెనకాలే వెళ్ళాను.

ఆ అరగంట నేను నా జన్మలో మరిచిపోను. పక్కింటివాళ్ళు ఆమె రావడం చూసి తలుపు వేసుకున్నారు. ఆ పక్కింటివాళ్ళూ అంతే. మూసిన తలుపు ముందు నిలబడి అక్క చెప్పింది. తొట్టిలో నీళ్ళు పారబొయ్యండి, కాచిన నీళ్ళు పొయ్యండి, నాడెను నోట పెట్టకండి. గట్టిగా కాదు, పొరుగింట్లో నిప్పు అడిగినంత మామూలుగా చెప్పింది. ప్రతి తలుపు దగ్గరా అదే మాట. లోపల్నించి ఒకామె, ఎదురుపడి మా కొంప కూడా ముంచుతావా అంది. ఒకాయన, తమ్ముడి నాస్తికం అంటుకుందిరా అన్నాడు. ఆమె దేవుడి గూట్లో రోజూ దీపం పెట్టే మనిషి.

చివరికి వీధి మొదట్లోని మావయ్య ఇల్లు. తలుపు తెరిచే ఉంది. ఆయన అరుగు మీంచి లేచి లోపల మగ్గం ఎక్కాడు. కండె మారుస్తున్నాడు. గడప తొక్కకు అన్నాడు.

"తొక్కను మావయ్యా, ఇక్కణ్ణించే చెబుతాను. ఆ నాడెను నోట పెట్టకండి" అంది.

ఆయన ఆమె వైపే చూస్తూ నాడెను ఎత్తి, పెదవులకు ఆనించి, పోగు పీల్చి లాగాడు. లాగి నేత మొదలుపెట్టాడు.

ఆయనకేమీ కాలేదు. ఇదీ రాయాలి. నాకు ఎంత అసహ్యంగా ఉన్నా రాయాలి, ఎందుకంటే అచ్చంగా ఇలాంటివి దాచిపెట్టేవాళ్ళనే నేను ఇన్నాళ్ళూ దుయ్యబట్టాను. ఆయన ఇవాళ్టికీ ఉన్నాడు, ఆ కథ ఇవాళ్టికీ చెప్పుకుంటాడు. ఒకడు పీల్చి బతికాడు, ఒకడు పీల్చి పోయాడు. జబ్బు అలాగే ఉంటుంది, అందరినీ పట్టదు. పట్టనివాడు అరుగు మీద కూర్చుని కథలు చెబుతాడు. పోయినవాడు చెప్పడు. మన మహిమల కథలన్నీ ఇలా మిగిలినవాళ్ళు చెప్పినవే.

ఆ సాయంత్రం దొడ్డి గుమ్మం దగ్గర అలికిడైంది. పక్కింటి ఇల్లాలు, ఇందాక తలుపు వేసుకున్నావిడే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తొట్టికి ఎంతసేపు కాచాలి, మా ఆయనకు తెలియకుండా కాచవచ్చా అని అడిగింది. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. అందరూ దొడ్డి గుమ్మంలోంచే. వీధి గుమ్మంలోంచి ఒక్కరూ రాలేదు.

అక్కను బెజవాడ రమ్మన్నాను. రానంది. బావ మగ్గం తనే ఎక్కింది. ఆడది గుంటలో దిగడమేమిటని వీధంతా గోల చేసింది. విరిగిన గొడుగు ఊచ ఒకటి తీసుకుని, కొస వంచి, కొక్కెం చేసి, దాంతో నాడె కంట్లోంచి పోగు లాగడం మొదలుపెట్టింది. మొదట్లో పని నత్తనడక నడిచింది. పది రోజుల్లో నోటితో లాగినంత చురుగ్గా లాగేది. అలాంటి కొక్కేలు చేసి దొడ్డి గుమ్మంలోంచి పంచింది.

మరుసటి ఏడు కాలువలు కట్టగానే నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఆమె అప్పటికే ఉయ్యూరు వెళ్ళి ఇన్‌స్పెక్టరును వెతికి పట్టుకుని, చెరువుకు ఏ పాళ్ళలో పొడి కలుపుతారో ఒక కడవ నీళ్ళకు ఆ పాళ్ళలోనే కలిపించుకుని తెచ్చింది. తొట్టిని వీధి అరుగు మీద పెట్టి, ఆ నీళ్ళు పోసి, ఎర్రనూలు చిలప, అంటే నూలు చుట్ట, ఒకటి అందులో వేసింది. అలాంటిదే ఇంకో చిలప పక్కన వట్టి నీళ్ళలో వేసింది. మూడు రోజులు ఉంచింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి, చిలపలు ఎత్తి, ఎండకు పెట్టి చూసుకున్నారు. ఏది ఏ తొట్టిలోదో ఎవరూ చెప్పలేకపోయారు. మూడో రోజు మావయ్య కూడా వచ్చాడు. వేళ్ళతో నలిపి చూశాడు. తిరిగి తొట్టిలో వేసి వెళ్ళిపోయాడు. కొత్తనీళ్ళ రోజున ఇన్‌స్పెక్టరు బండి వస్తే ఆయన అడ్డం రాలేదు. గంగమ్మకు పసుపు కుంకుమలు మాత్రం తనే దగ్గరుండి ఇప్పించాడు. ఆ పసుపు కుంకుమల వెనకే చెరువులో మందు పడింది. అక్క చెరువుకు దండం పెట్టుకుని, బిందె నింపుకుని, ఇంటికి వచ్చి నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.

నేను వేరు అనుకున్నది వేరు కాదు. ఆ వీధి రెండు కారణాలు చెప్పింది. మొదటిదానికి నా దగ్గర మూడు గంటల ఉపన్యాసం ఉంది. రెండోదానికి కావలసింది ఎర్రనూలు చిలప. ఆ ఒక్క చిలప ముందే పడి ఉంటే మొదటి కారణం పక్కకు తప్పుకుని దారి ఇచ్చేదేమో. వాళ్ళు నూలు సంగతి అడిగారు. ఇన్‌స్పెక్టరు మూర్ఖులన్నాడు, నేను మూఢులన్నాను. ఇద్దరం జవాబు చెప్పలేదు. దేవుడు లేడని నాకు ఆ రోజు ఎంత నమ్మకమో ఈ రోజూ అంతే నమ్మకం. కాని ఆ చెరువు విషయంలో అక్కా నేనూ ఇద్దరిలో హేతువును అనుసరించింది ఎవరని అడిగితే, దీపం పెట్టే మనిషే అని ఒప్పుకుంటాను. ఒప్పుకోవడం సుఖంగా లేదు.

ఇప్పుడు సభల్లో కుర్రవాళ్ళు లేచి అడుగుతుంటారు. దేవుడు లేడు, పై లోకం లేదు, పుణ్యం లేదు, మరి బతుక్కి అర్థమేమిటండీ అని. పూర్వం ఈ ప్రశ్నకు గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు ఆ అరగంట గురించి చెబుతాను. మొగుడు పోయిన మూడో రోజు, అందరూ తననే దోషి అంటుంటే, ఒక మనిషి మూసిన తలుపు తర్వాత మూసిన తలుపు ముందు నిలబడి, మీవాళ్ళు బతకాలంటే ఇలా చెయ్యండి అని చెప్పింది. ఆమెకు అందులో పుణ్యం రాలేదు, వస్తుందనీ అనుకోలేదు. పోయినవాడు తిరిగి రాడని ఆమెకు తెలుసు. ఇంకొకరి ఇంట్లో మగ్గం ఆగిపోకూడదని వెళ్ళింది. ఇంతకు మించిన అర్థం ఏ లోకంలోనైనా ఉంటే తెచ్చి చూపించమంటాను. కొందరు తృప్తి పడరు. వాళ్ళకు ఇంకా పెద్ద మాటలు కావాలి. నాకు ఒళ్ళు మండిపోతుంది.

మీరూ ఈపాటికి తలూపుతుంటారు. బాగా రాశాడని, పాపం అక్కగారని అనుకుంటుంటారు. నాకు మీ జాలి అక్కర్లేదు, ఆమెకు అంతకన్నా అక్కర్లేదు. ఈ ఏడు కూడా తలుపులెత్తే రోజు దగ్గరికి వస్తోంది. ఈ పుస్తకం మూసెయ్యండి. వంటింట్లోకి వెళ్ళి బిందె మూత తీసి చూడండి. ఆ నీళ్ళు ఎక్కడివో అడగండి, పొయ్యి మీద పెట్టి తెర్లనివ్వండి. తర్వాత పక్కింటికి వెళ్ళి తలుపు కొట్టండి. వాళ్ళు దేవుడి మాట ఎత్తితే వాదించకండి, నూలు సంగతి అడిగితే జవాబు చెప్పండి. తలుపు వేసుకుంటే దొడ్డిదారిన వెళ్ళి మళ్ళీ కొట్టండి.